స్పానిష్ 'తెనేర్', ఇటాలియన్ 'తెనేరే', పోర్చుగీసు 'తేర్': అర్థాలు ఎందుకు వేరయ్యాయి?

ప్రశ్న:
స్పానిష్‌లో "తెంగో ఆంబ్రే" అంటే "నాకు ఆకలిగా ఉంది" అని నేర్చుకున్న ధైర్యంతో ఇటాలియన్‌లో "తెంగో ఫామే" అన్నాను. మా ఉపాధ్యాయురాలు వెంటనే "ఓ ఫామే" అని దిద్దారు. మూడింటికీ లాటిన్ 'తెనేరే'యే మూలమైనప్పుడు ఇటాలియన్ ఒక్కటే ఎందుకు పక్కకు జరిగింది?

మొదటి జవాబు:
పక్కకు జరిగింది ఇటాలియన్ కాదు. లాటిన్‌లో 'తెనేరే' అంటే ప్రధానంగా పట్టుకోవడం. కలిగి ఉండడానికి 'హబేరే' ఉండేది. ఇటాలియన్ ఆ తేడాను నిలుపుకుంది: మీ ఉపాధ్యాయురాలు చెప్పిన "ఓ" ఆ 'హబేరే' నుంచి వచ్చినదే. అందుకే, తలుపు మూసుకుపోకుండా చేత్తో ఆపి ఉంచినవారు "తెంగో లా పోర్తా" అంటారు. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో మాత్రం చేతిలో ఉన్నది సొంతమనే భావం క్రమంగా బలపడి, 'తెనేర్', 'తేర్' అనేవి 'హబేరే' సంతతిని ఆ స్థానం నుంచి తప్పించాయి. స్పానిష్ 'అబేర్' నేడు ముఖ్యంగా సహాయక క్రియగానూ, "ఉంది" అనే అర్థమిచ్చే "అయ్" రూపంలోనూ మిగిలింది.

రెండవ జవాబు:
మీ వాక్యాన్ని పూర్తిగా తప్పనలేము. నేపుల్స్ పరిసరాల్లో, దక్షిణ ఇటలీ మాండలికాల్లో కలిగి ఉండడానికి 'తెనేరే'నే వాడతారు. ప్రామాణిక ఇటాలియన్ రాతలో మాత్రం అది కుదరదు.

మూడవ జవాబు:
పోర్చుగీసు నేర్చుకునేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. అక్కడ 'తేర్' సహాయక క్రియ కూడా అయింది; అయితే "తెన్యు కోమీదు" అంటే "తిన్నాను" అని కాదు, "ఈమధ్య తింటూ వస్తున్నాను" అని. ఒక్కసారి తిన్నదానికి "కోమీ" చాలు. "తిన్నాను" అనే అర్థమిచ్చే స్పానిష్ "ఎ కోమీదో" అలవాటుతో నేను చాలాకాలం ఇక్కడే పొరబడ్డాను.