క్రియేటిన్ మొదలుపెట్టాక క్రియాటినిన్ 1.4 వచ్చింది, కిడ్నీలకు ప్రమాదమా?

సాయంత్రం_బరువులు:
నాకు 36 ఏళ్లు, శాకాహారిని. కొన్ని నెలలుగా రోజుకు 5 గ్రాముల క్రియేటిన్ మోనోహైడ్రేట్ (కండబలం కోసం తీసుకునే పౌడర్) వాడుతున్నాను. స్క్వాట్స్‌లో ఇంతకుముందు ఎనిమిదో రెప్‌కే కాళ్లు లేచేవి కావు, ఇప్పుడు పది దాకా లాగుతున్నాను. కానీ హెల్త్ చెకప్‌లో, కిడ్నీల పనితీరు చూడటానికి రక్తంలో కొలిచే సీరం క్రియాటినిన్ 1.4 వచ్చింది. పోయినసారి 1.0. ఇంట్లో అందరికీ టెన్షన్, నాన్నగారు డబ్బా దాచేశారు. కిడ్నీలు నిజంగా పాడవుతున్నాయా? జుట్టు కూడా రాలుతుందంటున్నారు.

ల్యాబ్_పద్మ:
తమ్ముడూ, నేను చాలా ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. కండపట్టిన కుర్రాళ్లకు ఇలాంటి రిపోర్టు వస్తే నేను ముందు అడిగేది పౌడర్లేమైనా వాడుతున్నారా అనే. ఒంట్లో ఉన్న క్రియేటిన్‌లో రోజూ రెండు శాతం లోపు దానంతటదే క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. కండ ఎక్కువున్నా, బయటి నుంచి క్రియేటిన్ తీసుకున్నా ఆ అంకె కాస్త పెరగొచ్చు. కిడ్నీ సరిగా వడకట్టక పెరిగిందా, తయారయ్యేదే ఎక్కువై పెరిగిందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పలేదు.

మీ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) కూడా తగ్గి ఉంటుంది. అది చూసి రెండు టెస్టులూ చెడ్డాయని భయపడకండి. దాన్ని లెక్కగట్టేదే క్రియాటినిన్ నుంచి.

అలాగని పౌడర్ వల్లేనని కూడా తేల్చేయకండి. నాకు కోపం తెప్పించేది జిమ్‌లో ఎవరో "ఏం కాదు బ్రో" అంటే నమ్మి రిపోర్టు పక్కన పడేయడం. డాక్టరుగారికి క్రియేటిన్ సంగతి దాచకుండా చెప్పి, సిస్టాటిన్ సి (కిడ్నీ పనితీరు చూపే మరో రక్తపరీక్ష), యూరిన్ ఆల్బుమిన్ (మూత్రంలో ప్రోటీన్ పోతోందా అని చూసేది) టెస్టులు రాయించుకోండి. సిస్టాటిన్ సి మీద క్రియేటిన్ ప్రభావం ఉండదు, కండ ప్రభావమూ తక్కువే. రక్తం ఇచ్చే ముందు ఒకటి రెండు రోజులు గట్టి వ్యాయామం ఆపండి.

పాత_కోచ్:
పద్మగారు చెప్పింది సరైన దారి. జుట్టు భయం 2009లో రగ్బీ ఆటగాళ్లపై జరిగిన ఒక చిన్న అధ్యయనంతో మొదలైంది. అందులో జుట్టు రాలడంతో ముడిపడిన డీహెచ్‌టీ అనే హార్మోన్ పెరిగింది, అంతే. జుట్టును ఎవరూ కొలవలేదు. తర్వాత 2025లో జుట్టునే నేరుగా పరీక్షించిన 12 వారాల అధ్యయనంలో తేడా కనబడలేదు.

క్రియేటిన్ ఎక్కువగా మాంసం, చేపల్లో ఉంటుంది కాబట్టి శాకాహారుల కండరాల్లో నిల్వ తక్కువ. మీకు రెప్స్ అంత బాగా పెరగడానికి అదీ ఒక కారణం కావచ్చు. మొదట్లో కిలో, రెండు కిలోలు బరువు పెరిగితే అది చాలావరకు కండరాల్లో చేరిన నీరు. మొదటి కొన్ని రోజులు రోజుకు 20 గ్రాములు తీసుకునే లోడింగ్ అక్కర్లేదు, కొందరికి కడుపు పాడవుతుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకున్నా మూడు నాలుగు వారాల్లో కండరాలు నిండుతాయి.

సాయంత్రం_బరువులు:
చాలా థాంక్స్ అక్కా, కోచ్‌గారూ. రెండు టెస్టులూ రాయించుకున్నాను. పెద్దవాళ్ల కండ బలానికి కూడా మంచిదని చదివాను. నాన్నగారికి 64, పదేళ్లుగా షుగర్ ఉంది. ఆయనకూ ఇవ్వొచ్చా?

ల్యాబ్_పద్మ:
ఇప్పుడే వద్దు తమ్ముడూ. పెద్దవాళ్లకు ఉపయోగపడే మాట నిజమే, అదీ బరువులతో వ్యాయామం చేస్తేనే. కానీ పదేళ్ల షుగర్ అంటే కిడ్నీల మీద ప్రభావం పైకి తెలియకుండానే మొదలై ఉండొచ్చు. పైగా ఆయన క్రియేటిన్ మొదలుపెడితే క్రియాటినిన్ పెరిగినప్పుడు కారణం షుగరా, పౌడరా అని డాక్టరుకే అయోమయం. ముందు ఆయనకూ యూరిన్ ఆల్బుమిన్, క్రియాటినిన్ చేయించి, ఆయన వాడే మందుల చీటీతో సహా డాక్టరుకు చూపించండి. డాక్టరు సరేనంటేనే డబ్బా తెరవండి.