తమ్ముడి పింఛనుకు లెక్క అడగడం తప్పా?

కావలి ఆడపడుచు
మా తమ్ముడికి 31 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. వైకల్యం ఎంతో తేల్చే సదరం ధ్రువపత్రంలో 75 శాతం అని ఉంది. అమ్మ పోయిన తర్వాత పెద్దన్నయ్య ఇంట్లో ఉంటున్నాడు. నెలకు 6,000 రూపాయల దివ్యాంగుల పింఛను. ఒకటో తారీఖున సచివాలయం వారు ఇంటికి వచ్చి, వాడి వేలిముద్ర తీసుకుని డబ్బు చేతిలో పెడతారు. అది నేరుగా వదిన బీరువాలోకి వెళ్తుంది. సంక్రాంతికి వెళ్లి చూస్తే వాడి చొక్కాకు గుండీల బదులు పిన్నీసులు ఉన్నాయి. కాళ్లకు రెండు వేరు వేరు జతల చెప్పులు. వంటింట్లో మాత్రం కొత్త ఫ్రిజ్. వాడి డబ్బుకు లెక్క రాయమన్నాను. అన్నయ్య అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. నేను అడిగింది తప్పా?

ఒంగోలు గిత్త
తప్పు కాదమ్మా. డబ్బు అతనిది.

దగదర్తి కోడలు
నేను మా మరిదిని తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నాను. అతనికీ మీ తమ్ముడి పరిస్థితే, పైగా మూర్ఛ. రాత్రిళ్లు ఫిట్స్ వస్తే ఊపిరికి అడ్డు రాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టేది నేను. పక్క తడిస్తే తెల్లవారుజామున ఉతికేది నేను. మా పుట్టింట్లో పెళ్లి జరిగితే ఒక్క పూట ఉండి వచ్చేశాను. పండగకు వచ్చి పిన్నీసులు లెక్కపెట్టడం సులభం. ఆరు వేలకు రాత్రీ పగలూ ఉండే మనిషిని ఎవరైనా తెచ్చి చూపించండి, నేనే రోజూ లెక్క రాస్తాను.

బుచ్చి మాస్టారు
అమ్మా, మీ కష్టాన్ని ఎవరూ కాదనరు. కాని ఈ పింఛను చూసుకునేవారికి ఇచ్చే జీతం కాదు. లబ్ధిదారు పేరున మంజూరవుతుంది, అతని వేలిముద్రతో వస్తుంది. తీసుకునే చేయి వేరైనా హక్కు అతనిదే. అందుకే ఆ ఇంటివారి మీద కొన్ని బాధ్యతలు ఉంటాయి. అతని తిండి, బట్ట, మందుల తర్వాతే మిగతా ఖర్చులు. మనిషి చనిపోతే వెంటనే సచివాలయంలో చెప్పాలి. ఊరు మారితే పింఛను మార్పించుకోవాలి. వైకల్యం పునఃపరిశీలనకు నోటీసు వస్తే వైద్యుల ముందు హాజరు పరచాలి. 2024 జూలైలో 3,000 ఒక్కసారిగా 6,000 అయ్యాక చాలా ఇళ్లలో దాన్ని ఇంటి ఆదాయంలో కలిపేసుకున్నారు.

పెన్నా గట్టు
ఫ్రిజ్ ఎంతకు కొన్నారు? వాయిదాలా?

కావలి ఆడపడుచు
వాయిదాలే. నెలకు 1,800.

పెన్నా గట్టు
అందులో అతను చల్లనీళ్లు తాగుతాడు కదా. అప్పుడు అది అతని ఖర్చే.

ఒంగోలు గిత్త
చల్లనీళ్లు ఇంటిల్లపాదీ తాగుతారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని భాగాలు చేసి, అందులో ఒక వంతు అతని ఖాతాలో రాయాలి.

పెన్నా గట్టు
మందులు ఫ్రిజ్‌లో పెట్టాల్సినవైతే?

కావలి ఆడపడుచు
వాడి మందులు మాత్రలు. అలమరలో ఉంటాయి. దయచేసి ఫ్రిజ్ వదిలేయండి. చెప్పుల సంగతి మాట్లాడండి.

దగదర్తి కోడలు
చెప్పుల సంగతే మాట్లాడతాను. మా మరిది చెప్పులు బావిలో వేస్తాడు, ఎదురింటి వాళ్ల వాకిట్లో వదిలేస్తాడు. గుండీలు నోట్లో పెట్టుకుని కొరికేస్తాడు. పిన్నీసు పెట్టడం తప్పే, గుచ్చుకుంటుంది. నాడా కుట్టాలి. మీ వదినకు ఆ మాట చెప్పారా, లేక నేరుగా లెక్క అడిగారా?

సింగరాయకొండ చక్రాల బండి
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నాకు పోలియో. పింఛను నేనే తీసుకుంటాను, నేనే ఖర్చు పెడతాను. ఇంట్లో వారికి అది నచ్చదు. మా పెదనాన్న కొడుకు నన్ను మంచానికే పరిమితమైనట్టు చూపించి, అలాంటివారికి ఇచ్చే 15,000 పింఛను రాయిద్దాం అన్నాడు. నేను మూడు చక్రాల బండి తొక్కుకుంటూ బజారుకు వెళ్లి రాగలను, అబద్ధం చెప్పను అన్నాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఆ మాట చెప్పినందుకు ఇంట్లో నేను కృతఘ్నుడినయ్యాను. ఇక్కడ అందరూ ఆ అబ్బాయి డబ్బు గురించి, చొక్కా గురించి మాట్లాడుతున్నారు. అతనికి ఏం కావాలో ఎవరైనా అడిగారా?

పెన్నా గట్టు
బుద్ధి ఎదగని మనిషిని ఏమని అడుగుతారు?

సింగరాయకొండ చక్రాల బండి
రెండు చొక్కాలు ముందు పెట్టి ఏది కావాలో అడగండి. వేలు పెట్టి చూపిస్తాడు. మీరు అడగకపోవడం వేరు, అతనికి తెలియకపోవడం వేరు.

దగదర్తి కోడలు
అందరూ నీతులు చెప్పేవారే. కావలి అక్కా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ అమ్మగారు తమ్ముడి పేరున ఏమైనా భూమి రాసి పోయారా?

కావలి ఆడపడుచు
దానికీ దీనికీ సంబంధం లేదు.

దగదర్తి కోడలు
ఉంది. మా ఇంట్లోనూ ఆడపడుచులు మొదట పింఛను లెక్కే అడిగారు. ఆరు నెలల తర్వాత పొలం పాస్‌బుక్ అడిగారు. మరిదిని తీసుకెళ్లి పది రోజులు ఉంచుకోమంటే ఒక్కరూ ముందుకు రాలేదు.

కావలి ఆడపడుచు
సరే, చెబుతాను. అమ్మ 60 సెంట్లు వాడి పేరున రాసింది. ఇప్పుడు అది రొయ్యల గుంటకు కౌలుకు పోయింది. కౌలు డబ్బు అన్నయ్యే తీసుకుంటున్నాడు. రేపు వాడి చేత వేలిముద్ర వేయించి ఆ భూమినీ మార్పించుకుంటే నేనేం చేయాలి? వేలిముద్ర ఎలాగూ నెలనెలా అలవాటైపోయింది వాడికి. నాకు ఆ భూమిలో సెంటు కూడా వద్దు. తీసుకెళ్లి ఉంచుకుందామంటే మా ఆయన ఒప్పుకోడు, మాది రెండు గదుల ఇల్లు. అది నిజమే. ఉంచుకోలేనంత మాత్రాన అడిగే హక్కు పోతుందా?

బుచ్చి మాస్టారు
ఇది ముందే చెప్పి ఉంటే ఫ్రిజ్ దగ్గర ఇంత సమయం పోయేది కాదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఇలాంటి వారి కోసమే ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు దాటాక కూడా సంరక్షకుడిని నియమించమని కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తల్లిదండ్రులే కాదు, బంధువులూ పెట్టవచ్చు. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి. ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లోపు రాబడి, ఖర్చుల లెక్క చూపాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి దుర్వినియోగం చేసినా తొలగించమని అడగవచ్చు. మీ అన్నయ్యనే సంరక్షకుడిగా పెట్టమని దరఖాస్తు చేయించండి. అప్పుడు లెక్క అడిగేది మీరు కాదు, చట్టం.

ఒంగోలు గిత్త
ఇదే సరైన దారి.

దగదర్తి కోడలు
మాస్టారూ, మంచి మాట. నేనూ ఒప్పుకుంటాను. కాని లెక్క పుస్తకంలో నా రాత్రులు ఏ పద్దు కింద రాయాలి? కాగితం మీద సంరక్షకుడు మా ఆయన అవుతాడు. పక్క బట్టలు ఉతికేది నేను. చట్టం అతన్ని లెక్క అడుగుతుంది. నన్ను ఎవరూ ఏమీ అడగరు, ఏమీ ఇవ్వరు.

సింగరాయకొండ చక్రాల బండి
అక్కా, మీకు వేరే భత్యం రావాలని ప్రభుత్వాన్ని అడుగుదాం, నేనూ సంతకం పెడతాను. మా అమ్మ నన్ను ఎత్తుకుని బడికి మోసింది, నాకు తెలుసు ఆ కష్టం. కాని అది ఆ అబ్బాయి ఆరు వేలలోంచి కోసుకునేది కాకూడదు.

దగదర్తి కోడలు
వచ్చేదాకా?

కావలి ఆడపడుచు
వచ్చేదాకా మా వదినకు నెలకు రెండు రోజులు నేను వెళ్లి సాయం చేస్తాను. ఆ రెండు రోజులూ ఆమె పుట్టింటికి వెళ్లవచ్చు.

దగదర్తి కోడలు
అయితే ముందు ఆ మాట చెప్పండి. పాస్‌బుక్ సంగతి తర్వాత.

కావలి ఆడపడుచు
రెండూ ఒకే రోజు చెబుతాను. ఒకటో తారీఖున, సచివాలయం వారు వచ్చేసరికి అక్కడే ఉంటాను.