కిక్ ఆపింది వీళ్లు, పాయింట్ వాళ్లకి: కాలేజీ ఫుట్‌బాల్‌లో 1 పాయింట్ సేఫ్టీ ఉండాలా, తీసేయాలా?

శేషు_ఎండ్‌జోన్:
అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో నాకు అస్సలు మింగుడుపడని రూల్ ఇది: టచ్‌డౌన్ తర్వాత అదనపు పాయింట్ల కోసం ఇచ్చే ఒక్క ప్రయత్నంలో (దాన్నే ట్రై అంటారు) ఒక జట్టు బంతితో సొంత ఎండ్ జోన్‌లో, అంటే తమ గోల్ లైన్ వెనక ఉండే చోట, ఆగిపోతే అవతలివాళ్లకి 1 పాయింట్. అదే 1 పాయింట్ సేఫ్టీ. 2013 జనవరి ఫియెస్టా బౌల్. ఒరెగాన్ టచ్‌డౌన్ కొట్టి (బంతిని అవతలి ఎండ్ జోన్‌లోకి చేర్చి ఆరు పాయింట్లు తెచ్చుకుని) 31–10 చేసింది. ఆ వెంటనే తన్నిన ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌ని కాన్సస్ స్టేట్ బ్లాక్ చేసింది. గోల్ లైన్ పక్కన బంతి అందుకున్న వాళ్ల ఆటగాడు సొంత ఎండ్ జోన్‌లోకి వెనక్కి వెళ్లి అక్కడ దొరికిపోయాడు. ఒరెగాన్‌కి 1 పాయింట్, 32–10. కిక్ పోలేదు, పరుగు లేదు, పాస్ లేదు, పాయింట్ మాత్రం వచ్చింది. బాగా ఆడినవాళ్లకి శిక్ష కాదా ఇది? డిఫెన్స్ (ఆ ప్రయత్నాన్ని ఆపే జట్టు) చేతికి బంతి చిక్కగానే విజిల్ ఊదేయాలి.

ఫణి_ఫోర్త్‌డౌన్:
శేషు గారూ, ఆ పాయింట్ కిక్ ఆపినందుకు కాదు, ఆపాక చేసిన పనికి. వరస చూడండి. స్నాప్, అంటే ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించడం, 3 యార్డ్ లైన్ నుంచి. హోల్డర్ దాన్ని అందుకుని, తన్నడానికి 10 దరిదాపుల్లో నిలబెడతాడు. బ్లాక్ అయిన బంతి మైదానంలో దొర్లుతుంది. దాన్ని డిఫెన్స్ గోల్ లైన్ దాటకముందే పట్టుకోవాలి. పట్టుకున్నవాడు తనంతట తానే లోపలికి తీసుకెళ్లాలి, లేదా వెనక్కి విసిరి పంపాలి. చివరికి బంతి అక్కడే వాళ్ల చేతిలో ఆగిపోవాలి. మామూలుగా వీటిలో ఏ ఒక్కటి తప్పినా పాయింట్ లేదు. కిక్ ఊపుతోనే బంతి ఎండ్ జోన్‌లోకి దొర్లిపోయి, డిఫెన్స్ వాడు దాని మీద పడుకున్నాడనుకోండి, ఎవరికీ ఏమీ రాదు.

పైగా శిక్ష సగమే. మామూలు ఆటలో సేఫ్టీ అంటే 2 పాయింట్లు పోతాయి, 20 యార్డ్ లైన్ నుంచి బంతిని అవతలివాళ్లకే తన్ని ఇచ్చుకోవాలి. ఇక్కడ పోయేది 1. తర్వాత కిక్‌ఆఫ్ (బంతిని అవతలివాళ్లకి తన్ని ఆట మళ్లీ మొదలుపెట్టడం) ఎప్పట్లాగే టచ్‌డౌన్ కొట్టిన జట్టుదే, అంటే బంతి డిఫెన్స్ చేసిన జట్టుకే వస్తుంది.

బుల్లెబ్బాయి_07:
మొమెంటం మినహాయింపు ఉందిగా? 5 యార్డ్ లైన్ లోపల పట్టి, ఆ ఊపులో ఎండ్ జోన్‌లోకి పోతే సేఫ్టీ ఇవ్వరు. కాన్సస్ స్టేట్ వాడూ గోల్ లైన్ పక్కనే కదా పట్టింది.

ఫణి_ఫోర్త్‌డౌన్:
ఎక్కడ పట్టాడన్నది సగమే తమ్ముడూ. పట్టుకునేటప్పటి పరుగే అతన్ని లోపలికి తోసెయ్యాలి. బంతి తీసుకుని, దారి కోసం తనే వెనక్కి తిరిగితే ఆ మినహాయింపు వర్తించదు.

మాధవి_ఆస్టిన్:
ఇదే 2004 నవంబర్ 26న ఇక్కడ టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎం ఆటలోనూ జరిగింది. కిక్ ఆపింది ఎ అండ్ ఎం, 1 పాయింట్ టెక్సస్‌కి. చివరి స్కోరు 26–13. ఫియెస్టా బౌల్ 35–17. రెండింట్లోనూ ఆ పాయింట్ ఫలితాన్ని తాకలేదు.

శేషు_ఎండ్‌జోన్:
తాకలేదు కాబట్టి ఒప్పు అయిపోతుందా మాధవి గారూ? నేననేది సమానత్వం గురించి. ఇదే 1 పాయింట్ డిఫెన్స్‌కి రావాలంటే, ఆఫెన్స్ (టచ్‌డౌన్ కొట్టిన జట్టు) వాడు బంతితో 97 యార్డులు వెనక్కి పోయి సొంత ఎండ్ జోన్‌లో పడాలి. అది జరిగే పనేనా? డిఫెన్స్ వాడికి మాత్రం ఎండ్ జోన్ వీపు వెనకే ఉంది. ఒక్క తప్పటడుగు చాలు. కాగితం మీద ఇద్దరికీ ఒకటే రూల్, మైదానంలో ఒకడికే ఉరి.

ఫణి_ఫోర్త్‌డౌన్:
ఆ 97ని ఒకవైపే లెక్కపెడుతున్నారు. 1988 నుంచి కాలేజీ ఆటలో డిఫెన్స్‌కి కూడా ట్రైలో బంతి అవతలి చివరదాకా మోసుకెళ్తే 2 పాయింట్లు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2015లో గానీ ఆ దారికి రాలేదు. ఆ 2 కావాలి, పొరపాటు ఖరీదు మాత్రం వద్దు అంటే ఎలా?

ఫ్రిస్కో_నాన్న:
ఒక మాట. టెక్సస్ హైస్కూళ్లు ఆడేది కాలేజీ రూల్స్‌తో. మిగతా చాలా రాష్ట్రాల హైస్కూళ్లలో డిఫెన్స్ చేతికి చిక్కగానే ట్రై అయిపోతుంది, అక్కడ ఆటకి వచ్చిన లోటేమీ లేదు. ఇక్కడి పిల్లలకి మాత్రం ఇది నేర్పి తీరాలి: ముందు ఖాళీ కనిపిస్తేనే బంతి ఎత్తు. లేకపోతే ఉన్నచోటే మీద పడుకో. వెనక్కి ఒక్క అడుగు వద్దు, గోల్ లైన్ దగ్గర వెనక్కి పాస్ అసలే వద్దు.

శేషు_ఎండ్‌జోన్:
ఫణీ, నువ్వు ప్రతి చర్చలోనూ ఇంతే. ఓవర్‌టైమ్ గురించి మాట్లాడినప్పుడూ రూల్ పాఠం చదివావు తప్ప అడిగినదానికి జవాబివ్వలేదు. 2021 అక్టోబర్‌లో ఇల్లినాయ్, పెన్ స్టేట్ ఆట తొమ్మిది ఓవర్‌టైమ్‌లు నడిచింది. మూడోదాని నుంచి చెరొక 2 పాయింట్ల ప్రయత్నం (3 యార్డ్ లైన్ నుంచి బంతిని పరుగుతోనో పాస్‌తోనో ఎండ్ జోన్‌లోకి చేర్చడం) తప్ప ఆటే లేదు. మూడు నుంచి ఏడు దాకా ఇద్దరికీ సున్నాలే. చివరికి 20–18. నాలుగు క్వార్టర్లు ఆడి సమంగా నిలిచినవాళ్ల తలరాత మూడు యార్డుల ఆట రాయాలా? నువ్వు దానికీ సరే అన్నావు.

ఫణి_ఫోర్త్‌డౌన్:
అన్నాను, ఇప్పుడూ అంటాను. మీ అసలు అభ్యంతరం ఇన్నాళ్లకి బయటికొచ్చింది. 1 పాయింట్ కాదు మీ బాధ. ట్రై అంటే టచ్‌డౌన్‌కి తోక, దానికంత విలువ ఉండకూడదని మీ నమ్మకం. నా లెక్కలో 1958లో 2 పాయింట్ల ప్రయత్నం పెట్టినరోజే అది పూర్తి ఆట అయింది. గడియారం సున్నాకి వచ్చాక టచ్‌డౌన్‌తో ఒక జట్టు 1 లేదా 2 ఆధిక్యంలోకి వెళ్లినా ట్రై ఆడించే తీరతారు, ఎందుకంటే డిఫెన్స్ 2 పాయింట్లు తెచ్చుకోగలదు. అందుకే ఆ జట్టు కిక్ జోలికి పోకుండా, బంతి పట్టుకుని మోకాలు నేలకి ఆనించి ఆట ముగించేస్తుంది. తోకకి ఎవరైనా ఇంత భయపడతారా?

శేషు_ఎండ్‌జోన్:
అవును, తోకే. దాచుకోవడానికేముంది? ఆరు పాయింట్లకి పదకొండుమంది మైదానమంతా పోరాడతారు. దాని తర్వాతిది చిన్న అదనం. డిఫెన్స్ పరుగుకిచ్చే 2 కూడా తీసెయ్యమనే అంటున్నాను. రెండూ పోవాలి.

మాధవి_ఆస్టిన్:
రెండూ అంటే నేను ఒప్పుకోను. ఆఖరి నిమిషంలో బ్లాక్ చేసి అటు చివరకి పరిగెత్తే అవకాశం ఉంది కాబట్టే ఆ కిక్‌ని కళ్లార్పకుండా చూస్తాం. 1 పాయింట్ ఒక్కటే తీసెయ్యండి.

ఫణి_ఫోర్త్‌డౌన్:
అలా తీసేస్తే ఇరుకున పడ్డ ప్రతివాడూ ఎండ్ జోన్‌లోకి పరిగెత్తి అటూ ఇటూ తిరుగుతాడు మాధవి గారూ, పట్టుబడినా పోయేదేం లేదు కాబట్టి.

బుల్లెబ్బాయి_07:
పట్టకుండా, నేల మీద దొర్లే బంతిని డిఫెన్స్ వాడు చేత్తో కొట్టి ఎండ్ జోన్‌లోకి పంపితే?

ఫణి_ఫోర్త్‌డౌన్:
అప్పుడు కిక్ ఊపు తీరిపోయినట్టే, కొత్త ఊపు వాడిది. లోపల వాళ్లే దాని మీద పడితే అదీ 1 పాయింటే.

శేషు_ఎండ్‌జోన్:
చూశారా, పట్టకపోయినా తప్పదంట.