హెడ్‌సెట్‌లో అడుగుల సౌండ్ ముందా వెనకా తెలియట్లేదు, విండోస్ సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి?

నయీంనగర్ పోరడు:

అన్నలూ అక్కలూ, జర హెల్ప్ కావాలి. నాది డెస్క్‌టాప్, విండోస్ 11. రూమ్‌లో నలుగురం ఉంటాం, రాత్రిపూట వాలరెంట్, అప్పుడప్పుడు సీఎస్2 ఆడతాం, రెండూ తుపాకీ కాల్పుల గేమ్సే. ఈ మధ్యే హన్మకొండ చౌరస్తాలో ఒక షాపులో యూఎస్‌బీ గేమింగ్ హెడ్‌సెట్ తీసుకున్నా, డబ్బా మీద 7.1 సరౌండ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. సౌండ్ గట్టిగానే వస్తోంది, బేస్ అయితే మస్తుంది, కానీ అసలు కావాల్సింది రావట్లేదు. ఎనిమీ అడుగులు ఎడమా కుడా అన్నది తెలుస్తోంది గానీ ముందా వెనకా అన్నది అస్సలు తెలియట్లేదు. వాలరెంట్‌లో అసెంట్ అనే మ్యాప్‌లో బీ సైట్‌లో కూర్చుని ఎదురుగా మెయిన్ అనే దారి వైపు చూస్తుంటే అడుగులు వెనక మార్కెట్ నుంచి వస్తున్నాయనిపిస్తుంది, అటు తిరుగుతా, వాడు మెయిన్ నుంచే వచ్చి కొట్టి పోతాడు. రోజూ ఇదే.

రెండోది, మేం మాట్లాడుకునే యాప్ డిస్కార్డ్‌లో ఎవరు నోరు తెరిచినా గేమ్ సౌండ్ సగానికి పైగా పడిపోతోంది, వాళ్లు ఆపగానే మళ్లీ లేస్తోంది. మూడోది మైక్. నా గొంతు దూరంగా, రూమ్‌లో కూలర్ సౌండ్ దగ్గరగా వినిపిస్తోందని అందరూ అంటున్నారు.

ఇప్పుడు ఆన్‌లో ఉన్నవి ఇవి: హెడ్‌సెట్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో 7.1, విండోస్ స్పేషియల్ సౌండ్‌లో విండోస్ సోనిక్, వాలరెంట్‌లో హెచ్ఆర్‌టీఎఫ్, ఇంకా లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్. ఆదివారం వేరే కాలేజీ వాళ్లతో మ్యాచ్ ఉంది, టెన్షన్‌గా ఉంది. హెడ్‌సెట్ మార్చాలా, సెట్టింగ్స్‌తోనే సరి అవుతుందా?

కాజీపేట కోడర్:

తమ్ముడూ, హెడ్‌సెట్ మార్చకు, డబ్బులు దండగ. నువ్వు ఆన్‌లో ఉన్నాయని రాసిన వాటిలోనే జవాబు ఉంది. సౌండ్ ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పే పని ఒక్కటే చేయాలి, నీ దగ్గర 7.1, సోనిక్, హెచ్ఆర్‌టీఎఫ్ మూడూ చేస్తున్నాయి.

ఎందుకో చెప్తా, ఇది అర్థమైతే ఏ గేమ్‌కైనా నువ్వే సెట్ చేసుకోగలవు. పక్క నుంచి వచ్చే సౌండ్ ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఒక మిల్లీసెకను కూడా ఉండదు, అయినా మెదడు పట్టేస్తుంది, పైగా తల అడ్డం ఉంటుంది కాబట్టి దూరపు చెవికి సౌండ్ తక్కువగా చేరుతుంది. అందుకే ఎడమ కుడి నీకు ఇప్పటికీ తెలుస్తున్నాయి. కానీ సరిగ్గా ఎదురుగా ఉన్నవాడి అడుగులు, సరిగ్గా వెనక ఉన్నవాడి అడుగులు రెండు చెవులకూ ఒకేసారి, ఒకే మోతాదులో చేరతాయి. అక్కడ తేడా చెప్పేది చెవి డొప్ప. దాని మడతలకు తగిలి కొన్ని ఫ్రీక్వెన్సీలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి, ముందు నుంచి వస్తే ఒక రకంగా, వెనక నుంచి వస్తే ఇంకో రకంగా. ఈ మార్పులను లెక్కకట్టి ముందే సౌండ్‌లో కలిపేసేదే హెచ్ఆర్‌టీఎఫ్. ఎవడు ఎక్కడున్నాడో గేమ్‌కు కచ్చితంగా తెలుసు కాబట్టి గేమ్ కలిపితేనే అది సరిగ్గా ఉంటుంది. అలా తయారై వచ్చిన దాన్ని హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ మళ్లీ 7.1 అని తిప్పితే ఆ సన్నటి తేడాలే ముందు చెడిపోతాయి. అమ్మ ఉప్పు వేసిన కూరలో రుచి చూడకుండా నువ్వు ఇంకోసారి ఉప్పు వేసినట్టు.

ఇంకో మాట, చాలా గేమింగ్ హెడ్‌సెట్లలో చెవికి ఒక్క స్పీకరే ఉంటుంది, ఏడు ప్లస్ ఒకటి అన్నది సాఫ్ట్‌వేర్ వేసే లెక్క. 5.1 ఆడియో ఉన్న సినిమా చూసేటప్పుడు అది పనికొస్తుంది, తీసిపారేయాల్సిన పని లేదు, కానీ వాలరెంట్ ఆడేటప్పుడు ఆఫ్ చెయ్యి.

ఇక చేయాల్సింది. ముందు హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో 7.1 ఆఫ్. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్ లోకి వెళ్లి నీ హెడ్‌సెట్ మీద క్లిక్ చేస్తే కింద స్పేషియల్ సౌండ్ ఉంటుంది, దాన్ని ఆఫ్‌లో పెట్టు. అక్కడే ఫార్మాట్ 48000 హెర్ట్జ్ ఉందో లేదో చూడు, గేమ్స్ ఎక్కువగా దానికే తయారవుతాయి. 16 బిట్ ఉన్నా 24 బిట్ ఉన్నా నీ చెవికి తేడా ఏమీ తెలియదు, దాని గురించి టైమ్ పాడు చేసుకోకు. వాలరెంట్ ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్ కాన్ఫిగరేషన్ స్టీరియో, హెచ్ఆర్‌టీఎఫ్ ఆన్.

గేమ్ సౌండ్ పడిపోవడం వేరే సంగతి. సౌండ్ పేజీలో కింద మోర్ సౌండ్ సెట్టింగ్స్ అని ఉంటుంది, నొక్కితే పాత కంట్రోల్ ప్యానెల్ విండో తెరుచుకుంటుంది. దాంట్లో చివరి ట్యాబ్ కమ్యూనికేషన్స్. ఎవరైనా కాల్‌లో మాట్లాడితే మిగతా సౌండ్లు 80 శాతం తగ్గించాలని విండోస్ మొదటి నుంచీ అలాగే పెట్టి ఉంచుతుంది. డూ నథింగ్ అని మార్చి ఓకే కొట్టు. డిస్కార్డ్‌లో కూడా అటెన్యుయేషన్ అని ఒక స్లైడర్ ఉంది, దాన్ని సున్నాకు లాగు. రెండూ చూడాలి, ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే తగ్గడం ఆగకపోవచ్చు.

అన్నీ అయ్యాక ఇలా చెక్ చెయ్యి. కస్టమ్ మ్యాచ్ పెట్టి మీ రూమ్‌మేట్‌ను నీ చుట్టూ పరుగెత్తమను. నువ్వు మౌస్ వదిలేసి కళ్లు మూసుకుని వాడు ఎటున్నాడో వేలితో చూపించు, వెనక ఇంకొకడు నిలబడి స్క్రీన్ చూసి అవునో కాదో చెప్పాలి. ఒక్కో సెట్టింగ్ మార్చి ఇదే చేస్తే ఏది చెడగొడుతోందో నీకే తెలుస్తుంది, ఎవరి వీడియోలూ చూడనక్కర్లేదు.

సౌండ్ బాక్సుల అన్న:

పైన చెల్లె చెప్పింది కరెక్టు. నేను మైక్ సంగతి చెప్తా, పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు, బతుకమ్మ అప్పుడు పద్మాక్షి గుట్ట దగ్గర సౌండ్ పెట్టేవాళ్లం, మైకులతోనే బతుకు.

గొంతు దూరంగా, కూలర్ దగ్గరగా అంటున్నావంటే నీ హెడ్‌సెట్ మైక్ అసలు వాడకంలోనే లేదని నా అనుమానం. నీ డెస్క్‌టాప్‌కు వెబ్‌క్యామ్ ఉందా? ఉంటే దాని మైక్ తీసుకుంటున్నట్టుంది. చెల్లె చెప్పిన పాత విండోలోనే రికార్డింగ్ ట్యాబ్ తెరువు, మైకులన్నీ వరసగా కనిపిస్తాయి, పక్కన పచ్చ గీతలు లేస్తూ ఉంటాయి. ఇప్పుడు హెడ్‌సెట్ మైక్ కొసను గోరుతో మెల్లగా గీకు. ఏ మైక్ పక్కన గీత ఒక్కసారిగా పైకి లేస్తే అదే నీ హెడ్‌సెట్ మైక్. దాన్ని డిఫాల్ట్ డివైస్‌గానూ, డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైస్‌గానూ రెండు రకాలుగా పెట్టు, చాలామంది మొదటిది పెట్టి రెండోది వదిలేస్తారు. డిస్కార్డ్‌లో ఇన్‌పుట్ డివైస్ డిఫాల్ట్ అని వదలకుండా పేరుతో ఎంచుకో.

మైక్ కొస నోటికి సూటిగా పెట్టొద్దు, ఊపిరి కొడుతుంది. పెదాల మూలకు, రెండు వేళ్ల దూరంలో ఉండాలి. దగ్గరుంటే లెవెల్ తగ్గించుకోవచ్చు, లెవెల్ తగ్గితే కూలర్ దానంతట అదే వెనక్కి పోతుంది. మేము స్టేజీ మీద చేసేది కూడా అదే, వాల్యూమ్ పెంచడం కన్నా మైక్ దగ్గరికి తేవడం ఎప్పుడైనా మేలు. ఆ తర్వాత కూడా కూలర్ వినిపిస్తే డిస్కార్డ్‌లో క్రిస్ప్ అని నాయిస్ తగ్గించేది ఉంటుంది, అది ఆన్ చెయ్యి, కానీ హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించేది ఉంటే దాన్ని ఆపెయ్యి, రెండు కలిస్తే మాటల చివర్లు కోసుకుపోతాయి.

మంచిర్యాల స్నైపర్:

అంతా ఒప్పుకుంటా గానీ లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ మాత్రం తీసేయొద్దు బ్రో. చిన్న అడుగు కూడా పెద్దగా వినిపిస్తుంది, తుపాకీ పేలితే చెవి పగలదు. నేను అది లేకుండా ఆడలేను.

కాజీపేట కోడర్:

నేను దాని గురించి ఏమీ అనలేదు, అడిగావు కాబట్టి చెప్తా. అది చేసేది చిన్న సౌండ్లు పెంచి పెద్ద సౌండ్లు దించడం. అడుగు వినిపించడం వరకు లాభమే. కానీ దగ్గరి అడుగు, దూరపు అడుగు రెండూ ఇంచుమించు ఒకే మోతాదులో వినిపిస్తాయి, వాడు తలుపు అవతలే ఉన్నాడా ఇంకా దూరంగా ఉన్నాడా అన్నది పోతుంది. సీఎస్2 లాంటి గేమ్‌లో దూరం తెలియకపోతే ఎప్పుడు తొంగిచూడాలో తెలియదు. చెవికి దెబ్బ తగలకుండా ఉంటుందన్న నీ మాట మాత్రం నిజమే, దాన్ని కాదనను. తమ్ముడూ, దిక్కు సరి అయ్యేదాకా అది ఆఫ్‌లోనే ఉంచు, తర్వాత ఆన్ చేసి నచ్చితే ఉంచుకో. ఒకేసారి అన్నీ మార్చితే ఏది పని చేసిందో తెలియదు. సీఎస్2లో అయితే ఆడియోలోనే ఈక్యూ (ఈక్వలైజర్) ప్రొఫైల్ ఉంది, అక్కడ క్రిస్ప్ అన్నది పెట్టి చూడు, ఇది డిస్కార్డ్ క్రిస్ప్ కాదు, అడుగులు కొంచెం తేటగా వస్తాయి.

కరీంనగర్ ల్యాప్‌టాప్:

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నాది ల్యాప్‌టాప్, మామూలు పిన్ హెడ్‌సెట్. చార్జింగ్ పెట్టినప్పుడల్లా చెవిలో సన్నగా జుయ్ మని వస్తుంది, చార్జర్ తీస్తే పోతుంది. సెట్టింగ్స్‌లో దొరుకుతుందా? ఇంకా అదే హెడ్‌సెట్ మా బావ డెస్క్‌టాప్‌కు పెడితే మైక్ పని చేయట్లేదు.

సౌండ్ బాక్సుల అన్న:

జుయ్ మనేది సెట్టింగ్స్‌లో దొరకదు, అది కరెంట్ సంగతి. ముందు ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకో, పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ వెనక ఎర్త్ వైరే ఉండదు. చార్జర్‌కు మూడు పిన్నుల ప్లగ్ ఉంటే రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాడకు. ఎర్తింగ్ లేకపోతే చెవిలో గోల ఒక్కటే కాదు, ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటుంది కూడా, కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించడమే మంచిది. అది వెంటనే కుదరకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డ్ అని బొటనవేలంత ఉంటుంది, తక్కువకే వస్తుంది, హెడ్‌సెట్ దానికి పెట్టి చూడు. చాలాసార్లు తగ్గుతుంది, అన్నిసార్లూ కాదు.

రెండోది సులువు. నీ పిన్ మీద నల్ల రింగులు మూడు ఉంటాయి చూడు, మైక్, చెవులు అన్నీ ఒకే పిన్‌లో ఉన్నాయన్నమాట. డెస్క్‌టాప్‌కు పచ్చ రంధ్రం సౌండ్‌కు, గులాబీ రంధ్రం మైక్‌కు వేరువేరుగా ఉంటాయి. వై స్ప్లిటర్ అని అడుగు, ఒక వైపు ఆడ పిన్, ఇంకో వైపు రెండు మగ పిన్నులు ఉండాలి. రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునే స్ప్లిటర్ కూడా చూడటానికి అలాగే ఉంటుంది, అది ఇస్తే తీసుకోకు, హెడ్‌ఫోన్ బొమ్మ ఒకటి, మైక్ బొమ్మ ఒకటి ఉన్నదే కావాలి.

నయీంనగర్ పోరడు:

అన్నా, అక్కా, దండం. గోరుతో గీకితే వెబ్‌క్యామ్ మైక్ గీత కొంచెం కదిలింది, హెడ్‌సెట్ మైక్ గీత పైదాకా లేచింది, డిస్కార్డ్‌లో చూస్తే ఉన్నది వెబ్‌క్యామే. మార్చగానే గొంతు పక్కనే ఉన్నట్టుందని అన్నారు, కూలర్ కూడా దాదాపు లేదట. డూ నథింగ్ పెట్టాక గేమ్ సౌండ్ పడిపోవడం ఆగింది.

దిక్కు సంగతి: 7.1, సోనిక్ రెండూ ఆఫ్ చేస్తే మొదట సౌండ్ చప్పగా అయిపోయిందనిపించింది, బేస్ కూడా తగ్గింది. కానీ కళ్లు మూసుకుని చూపిస్తే ముందు వెనక చాలావరకు సరిగ్గా చెప్పగలిగా, సరిగ్గా తల వెనక ఉన్నప్పుడే ఇంకా కొంచెం డౌట్. 7.1 మళ్లీ ఆన్ చేసి చూస్తే మళ్లీ మొదటికే వచ్చింది. ఇప్పుడు ఒక డౌట్, చప్పగా ఉందని వాల్యూమ్ 90 దాకా పెంచి ఆడుతున్నా, ఏమైనా అవుతుందా?

కాజీపేట కోడర్:

అవుతుంది, తగ్గించు. విండోస్‌లో 90 అంటే ఎన్ని డెసిబెల్స్ అన్నది హెడ్‌సెట్‌ను బట్టి మారుతుంది, అంకె చూసి చెప్పలేం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ సౌండ్‌ను వారానికి 40 గంటల వరకు వినొచ్చు, 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. మీరు రోజూ ఆడేవాళ్లు, నాలుగు గంటలు ఒక్క రాత్రిలో అయిపోతాయి. హెడ్‌సెట్ పెట్టుకుని ఉండగా పక్కవాడు మామూలుగా పిలిస్తే అస్సలు వినబడకపోతే సౌండ్ ఎక్కువైనట్టే. ఆట అయ్యాక చెవిలో గుయ్ మంటే ఆ రోజు ఇక ఆపేయాలి, రోజూ అలాగే ఉంటే చెవి డాక్టర్‌కు చూపించుకో.

చప్పగా ఉందనిపించడం అలవాటు సంగతి, ఇన్ని రోజులు బేస్ దట్టించి విన్నావు. హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో ఈక్వలైజర్ ఉంటే బేస్ కొంచెం దించి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం ఎత్తు, అడుగులు తేలతాయి, వాల్యూమ్ 90 అవసరం ఉండదు. ఈక్వలైజర్ దిక్కును పెద్దగా చెడగొట్టదు, మరీ ఎక్కువ ఎత్తితేనే ఇబ్బంది. తల వెనక డౌట్ పూర్తిగా పోదు, గేమ్ వాడే లెక్క అందరికీ సరిపోయే సగటు చెవిది, నీ చెవిది కాదు. అలాంటప్పుడు మౌస్ కొంచెం పక్కకు తిప్పు, సౌండ్ ఎటు జరిగిందో చూస్తే ముందా వెనకా వెంటనే తేలిపోతుంది.

మంచిర్యాల స్నైపర్:

ఆ మౌస్ తిప్పడం ఇప్పుడే ట్రై చేశా, నిజంగానే తెలుస్తోంది. బ్రో, ఇంకోటి గుర్తు పెట్టుకో, యూఎస్‌బీ పోర్ట్ మార్చితే విండోస్ హెడ్‌సెట్‌ను కొత్త డివైస్ అనుకుని స్పేషియల్ సౌండ్, డిఫాల్ట్ మైక్ అన్నీ మళ్లీ మొదటిలా పెట్టేయొచ్చు. ఆదివారం వేరే చోట ఆడుతున్నారంటే అక్కడి సిస్టమ్‌లో ఇవన్నీ ఒకసారి చూసుకోవాలి, పావుగంట ముందే వెళ్లండి.