ప్రోనోటు అప్పు గొడవ వినియోగదారుల కమిషన్‌కు వస్తుందా?

పత్తిరైతు: మాది వరంగల్ వైపు. తెలిసినాయన దగ్గర ప్రోనోటు రాసి 2 లక్షలు తెచ్చాను, నూటికి మూడు రూపాయల వడ్డీ. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా తీసుకున్నాడు. కొంత కట్టాను. ఇప్పుడు ఆ చెక్కు మీద మొత్తం 2 లక్షలు వేసుకుని బౌన్స్ నోటీసు పంపాడు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చా?

హక్కులమాట: వేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అంటే ఫైనాన్సింగ్ కూడా. వడ్డీ కడుతున్నారంటే సేవకు డబ్బిచ్చినట్టే. సివిల్ కోర్టైతే ఏళ్ల తరబడి తిరగాలి.

సివిల్‌వైపు: అన్నా, ఆ దారి పంపకండి, నోటీసు గడువు కాస్తా అయిపోతుంది. అదే నిర్వచనం మొదట్లో ఏముంది? కావలసినవాళ్లందరికీ అందుబాటులో పెట్టినదే సేవ. బోర్డు పెట్టి అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ దాని కిందికి వస్తుంది. తెలిసినాయన ఒకసారి ఇచ్చిన అప్పు రాదు.

వడ్డీ సంగతికి 1918 నాటి యూజూరియస్ లోన్స్ యాక్ట్ (మితిమీరిన వడ్డీ అప్పుల చట్టం) ఉంది. వడ్డీ మితిమీరి, లావాదేవీ అన్యాయంగా ఉంటే కోర్టు పాత లెక్కలు తిరగదోడి అదనపు వడ్డీ కొట్టేయొచ్చు. అయితే అది ఆయన వసూలు దావా వేసినప్పుడు మీ జవాబులో ఎత్తాల్సిన వాదన.

ముందు చెక్కు సంగతి చూసుకోండి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఫిర్యాదు వేస్తాడు. ఖాళీ చెక్కైనా సంతకం మీదే కాబట్టి, అప్పు ఉందనే కోర్టు మొదలుపెడుతుంది. కాదని చూపాల్సింది మీరే. కానీ 2022లో దశరథ్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. చెక్కు ఇచ్చాక కొంత అప్పు తీరితే, ఆ సంగతి చెక్కుపై రాయకుండా మొత్తానికీ బ్యాంకులో వేస్తే 138 కేసు, అంటే చెక్కు బౌన్స్ కేసు, నిలవదు. మీరు కట్టింది అసలా, వడ్డీయా? ప్రోనోటు వెనక చెల్లు (ఇంత కట్టానని) రాయించారా?

హక్కులమాట: ఆయన ఊళ్లో అందరికీ ఇలాగే ఇస్తుంటే? అదీ వ్యాపారమే కదా!

సివిల్‌వైపు: అప్పుడు మీ మాటకు బలముంది. తెలంగాణలో 1349 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి మనీ లెండర్స్ చట్టం, అంటే వడ్డీ వ్యాపారుల చట్టం, ఉంది, లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి దావా నిలవదు. కానీ అది ఆయన వృత్తే అని నిరూపించాలి. మిగతా బాకీదారులు భయంతో సాక్ష్యానికి రారు. నాకు బాధ కలిగించేది అదే.

పత్తిరైతు: చెల్లు రాయలేదు. ఫోన్‌పేలో పంపాను, ప్రతిసారీ ‘వడ్డీ’ అని రాసి.

సివిల్‌వైపు: అయితే కట్టింది వడ్డీ కిందే పోయి అసలు తగ్గలేదంటాడు, దశరథ్‌భాయ్ తీర్పు మీకు అక్కరకు రావడం కష్టం. కానీ ఎంత వడ్డీ తీసుకున్నాడో చెప్పడానికి ఆ ఫోన్‌పే చెల్లింపుల వరసే రుజువు. స్టేట్‌మెంట్లు తీసుకుని ఈ వారమే వకీలును కలవండి, నోటీసుకు జవాబు వెళ్లాలి.