మటన్, చికెన్ షాపుల టెక్నాలజీ: మీ దగ్గర ఏది పనికొచ్చింది?

హనుమకొండ_మటన్:
అన్నలూ, నాయిన పెట్టిన షాపు ఇప్పుడు నేను, తమ్ముడు చూసుకుంటున్నం. ఆదివారం పొద్దుగాల నుంచే లైను, ఒకలకు కలేజా కావాలె, ఇంకొకలకు నల్లి బొక్కలు, ఒకలేమో బిర్యానీ ముక్క కొట్టమంటరు, ఇవన్నీ వినుకుంట కొట్టుకుంట పైసలు తీసుకునుడు చానా కష్టమైతాంది. బిల్లింగ్ యాప్‌లోళ్ళు ఒకటే ఫోన్లు. నిజంగ పనికొచ్చింది ఏందో చెప్పండ్రి.

తెనాలి_చికెన్:
యాప్ సంగతి తర్వాత, ముందు స్టిక్కర్ వచ్చే కాటా కొనండి బ్రదర్. స్కిన్‌లెస్, లెగ్ పీస్, లివర్ ఒక్కోదానికి ఒక్కో బటన్, నొక్కగానే పేరు, బరువు, రేటు, మొత్తం ప్రింట్ అయి వచ్చేస్తాయి. కస్టమర్ వైపు కూడా డిస్‌ప్లే ఉన్నదే తీసుకోండి, గిన్నె బరువు తీసేసి సున్నా చేయటం వాళ్ళు కళ్ళారా చూస్తే తూకం గొడవే రాదు. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి, మర్చిపోకండి. చికెన్ రేటు రోజూ మారుద్ది కాబట్టి పొద్దున్నే కాటాలో రేటు మార్చే పని ఒక్కళ్ళకే అప్పజెప్పండి, లేదంటే బోర్డు మీద ఒకటి స్టిక్కర్ మీద ఒకటి ఉంటది.

దుబాయ్_నిజామాబాద్:
నేను ఈడ హైపర్‌మార్కెట్ల మాంసం సెక్షన్ల చేస్త. మా స్టిక్కర్ మీద ప్యాక్ చేసిన తారీఖు, ఎప్పటిలోపు వాడాల్నో గూడ వస్తది. కానీ తమ్మీ, అసలు ఫాయిదా రాత్రి తీసే రిపోర్టుల ఉంటది. ఎంత మాల్ వచ్చింది, కూర ముక్క ఎంత, ఖీమా ఎంత, బొక్క కొవ్వు కింద ఎంత పోయింది అన్నీ ఎక్కించాలె. కిలో 700 లెక్క 10 కిలోల తొడ మాంసం కొన్నవనుకో, బొక్క కొవ్వు తీసినంక మెత్తది 7 కిలోలే వస్తే అది నీకు కిలో 1000 పడ్డట్టు. ఈ లెక్క చూడకుండ ఖీమా రేటు పెడితే ఎంత అమ్మినా ఏం మిగలదు.

కాకినాడ_కోల్డ్:
ఫ్రిజ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటండీ. తలుపు మీద అంకె చూసి ఊరుకోకండి. ఫోన్‌కి అలారం పంపే చిన్న థర్మామీటర్లు దొరుకుతున్నాయి, ఒకటి లోపల మాంసం పక్కనే పెట్టండి. 0 నుంచి 4 డిగ్రీల మధ్య ఉండాలి, రాత్రి కరెంటు పోయి వేడెక్కితే వెంటనే తెలుస్తుంది. ట్రేలు ఇరికించేస్తే గాలి ఆడదు, అప్పుడు ఎంత మంచి మెషీనైనా చల్లబరచలేదు.

మల్కాజిగిరి_కస్టమర్:
కొనేవాడిగా ఒక మాట అన్నా. మా గల్లీ షాపతను శనివారం రాత్రే వాట్సాప్‌ల ఆర్డర్ తీసుకుంటడు. ఎన్ని కిలోలు, కూరకా బిర్యానీకా, ఎన్ని గంటలకు వస్తరు, మూడే మాటలు రాయాలె, వాయిస్ మెసేజ్ పెడితే తీసుకోడు. తలకాయ, కాళ్ళు కాల్చుడు అయినంక మెసేజ్ వస్తది, అప్పుడు పోతే చాలు. అందుకే నేను వేరే షాపుకు పోను.

హనుమకొండ_మటన్:
మస్తు సమజైంది. కానీ చేతులకు నెత్తురు ఉంటది, ఆ చేతులతోని ఫోన్, కాటా ఎట్ల ముట్టాలె?

తెనాలి_చికెన్:
ముట్టకూడదు. కొట్టేది ఒకళ్ళు, కాటా, డబ్బులు, ఫోన్ చూసేది ఇంకొకళ్ళు. యూపీఐ సౌండ్ బాక్స్ పెడితే డబ్బు పడిందో లేదో వినపడుద్ది, కొట్టేవాళ్ళు ఫోన్ తీసి చూసే పనే ఉండదు. మీరు ఇద్దరున్నారు కదా, ఈ ఆదివారమే అలా విడిపోయి చూడండి, దీనికి మెషీన్ కూడా అక్కర్లేదు.