నెలలు నిండేకొద్దీ బిడ్డ కదలికలు తగ్గుతాయా?

ప్రశ్న – కాకినాడ నుంచి
నాకు 35వ వారం, తొలి కాన్పు, పుట్టింట్లో ఉన్నాను. ఇన్నాళ్లూ రాత్రి అన్నం తిని పడుకోగానే కుడి పక్కటెముకల కింద గట్టి తన్నులు తగిలేవి. ఇప్పుడు అవి పోయి, పొట్ట ఒక పక్కకు ఉబ్బి, మెల్లగా దొర్లినట్టు ఉంటోంది. నెలలు నిండితే లోపల చోటు చాలదనీ, కదలికలు తగ్గుతాయనీ అత్తయ్య గారు అంటున్నారు. చల్లటి పళ్లరసం తాగితే కదులుతుందని అమ్మ అంటోంది. డాక్టరు గారు లెక్క రాయమన్నారు గానీ ఎలాగో అడిగే వీలు దొరకలేదు. ఎక్కిళ్లలాంటివి కూడా లెక్కించాలా?

జవాబు – నిజామాబాద్ నుంచి, ఇద్దరు పిల్లల తల్లిని
రెండో కాన్పులో నాకు మాయ ముందువైపు ఉండటంతో మొదట్లో కదలికలు సరిగా తెలిసేవి కావు. ఏడో నెల దాటాక బాగానే తెలిశాయి. మీ బిడ్డ తీరు మీకే తెలుస్తుంది, ఇతరులతో పోల్చుకోకండి.

జవాబు – ప్రసూతి వార్డులో పనిచేసి రిటైరైన స్టాఫ్ నర్సును
అమ్మా, చోటు తగ్గితే తన్నులు దొర్లడంగా మారవచ్చు. అది సహజమే. కానీ ఎన్నిసార్లు కదులుతోందన్నది మాత్రం కాన్పు నొప్పులు మొదలయ్యే దాకా తగ్గకూడదు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, అయినా ఈ ఒక్క మాట వినవద్దు. మాయ నుంచి ఆక్సిజన్ చాలకపోతే బిడ్డ ఉన్న శక్తిని దాచుకోవడానికి కదలడం తగ్గిస్తుంది. మనకు బయటికి తెలిసే ఆనవాలు అదే.

మా వార్డులో ఇలా రాయించేవాళ్లం: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిన్న తరువాత ఎడమ పక్కకు తిరిగి పడుకుని, పొట్టపై చేయి వేసి గంట సేపు లెక్కపెట్టాలి. టీవీ, ఫోను పక్కన పెట్టాలి. తన్నినా, దొర్లినా, జరిగినా ఒకటి. ఎక్కిళ్లు లెక్కలోకి రావు. మూడు గంటల మొత్తాన్ని నాలుగుతో హెచ్చిస్తే 12 గంటల లెక్క వస్తుంది. అది 10కి తగ్గకూడదు. రెండు గంటల్లో 10 చూడమనే డాక్టర్లూ ఉన్నారు, మీ డాక్టరు చెప్పిన పద్ధతే పాటించండి. బిడ్డ ఒక్కోసారి 20 నుంచి 40 నిమిషాలు నిద్రపోతుంది, కాబట్టి అరగంట కదలలేదని బెంబేలు పడనక్కర్లేదు. అయితే లెక్క సరిపోయినా, రోజూ ఉండే తీరు కంటే మందగించిందని మీకు అనిపిస్తే అదే చాలు, ఆసుపత్రికి బయలుదేరండి. రసం తాగి చూద్దామని ఆగవద్దు. ఈ వారం మీకు నిజంగా తగ్గినట్టే ఉంటే ఈ రోజే వెళ్లండి.

‘పొద్దున చూద్దాంలే’ అని రాత్రంతా ఆగి వచ్చిన తల్లుల్ని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారు
చాలా కృతజ్ఞతలండీ. అక్కడ ఏం చేస్తారు? గుండె చప్పుడు వినే చిన్న యంత్రం కొందామని మావారు అంటున్నారు.

స్టాఫ్ నర్సు
కొనవద్దమ్మా. తల్లి నాడినే బిడ్డ గుండె అనుకుని ఇంట్లో ఉండిపోయే ప్రమాదం ఉంది. గుండె కొట్టుకుంటున్నంత మాత్రాన బిడ్డ బాగున్నట్టూ కాదు. ఆసుపత్రిలో ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని నమోదు చేసే నాన్‌స్ట్రెస్ టెస్ట్) చేస్తారు: పొట్ట చుట్టూ రెండు బెల్టులు కట్టి, చేతికి ఒక మీట ఇస్తారు. బిడ్డ కదిలినప్పుడల్లా మీరు నొక్కాలి. దాదాపు 20 నిమిషాలు కాగితం మీద గీత నడుస్తుంది. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటూ, కదిలినప్పుడు కాస్త వేగం పెరగాలి. అవసరమైతే ఉమ్మనీరు చూడటానికి స్కానింగ్ చేస్తారు. అంతా బాగుందని పంపించాక మళ్లీ తగ్గినా మళ్లీ వెళ్లాలి, మొహమాటపడకూడదు. అర్ధరాత్రి బండి లేకపోతే 108కి ఫోను చేయండి.